అవ్వ చూసిన అద్దంపరక

చేప బొమ్మ ఎక్కడ కనబడినా నా మెడ దానంతట అదే కుడి భుజం మీదికి వంగుతుంది. మొన్న చుట్టాల కొత్త ఇంటికి పోతే హాల్లో వరసగా చేపల పటాలు వేలాడుతున్నాయి. వందేళ్ల నాటి పుస్తకాల్లోని బొమ్మలట, మళ్లీ అచ్చువేసి అమ్ముతున్నారట, ఇప్పుడు అదొక ఫ్యాషనట. నేను అలవాటుకొద్దీ మెడ వంచి చూస్తుంటే ఆ ఇంటి కోడలు కంగారుపడి, మెడ పట్టేసిందా అంటూ మంచినీళ్లు తెచ్చింది. నా మెడకేమీ కాలేదు. ఆ చేపలే అడ్డంగా పడుకొని ఉన్నాయి. మా ఇంట్లో చేపలు నిలబడి ఉండేవి.

మా ఇల్లంటే మందమర్రిలో బొగ్గుబాయి కంపెనీ ఇచ్చిన క్వార్టరు. అటువైపు గనిని బాయి అనే అంటారు. మా బాపు రోజూ పొద్దున బాయిలో దిగి, సాయంత్రం నల్లగా పైకి వచ్చేవాడు. క్వార్టరులో ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు. మా వాడలో అన్ని ఇళ్లూ ఒక అచ్చులో పోసినవే. ఎవరిది ఏ ఊరో తెలియాలంటే లోపలికి పోయి గోడలు చూడాలి. ఒకరింట్లో తిరుపతి దేవుడు, ఒకరింట్లో మక్కా బొమ్మ, చాందా వైపు నుంచి వచ్చిన మరాఠీవాళ్లింట్లో నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డ విఠోబా. మేము మిషన్ క్రైస్తవులం. మా గోడకు ఒక వాక్యాల క్యాలెండరు, బాపు టోపీ తగిలించే మొల, అంతే. బోసి గోడలు చూస్తే ఆకలవుతుందని అవ్వ, అంటే మా అమ్మ, అనేది. అదేం మాటో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు కొంచెం అవుతున్నది.

అవ్వ పుట్టింది చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున. వాళ్ల నాయన చిన్న వలతో చేపలు పట్టేవాడు. బాపుది పెద్దపల్లి వైపు, వరి పొలాల ఊరు. ఆయనకు తెలిసిన చేపలు ఏటా చెరువు ఎండినప్పుడు బురదలో దొరికే నాలుగైదు రకాలే. ప్రపంచంలో అంతకు మించి చేపలున్నాయంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆదివారం గుడి నుంచి వచ్చి చేపల కూరతో అన్నం తింటున్నప్పుడు వాళ్లిద్దరి వాదం మొదలయ్యేది. అవ్వ ఒక చేప పేరు చెప్పేది, బాపు ఎంతుంటది అని అడిగేవాడు. అది అడగడం కాదు, ఉచ్చు వేయడం. వేలెడంత అంటే, నిన్న జానెడన్నవు గద అనేవాడు. నేను అన్నం కలుపుతూ ఎవరు గెలుస్తారా అని చూసేదాన్ని. ఎప్పుడూ బాపే గెలిచేవాడు, ఎందుకంటే ఆయన నవ్వేవాడు. నవ్వేవాడితో వాదించి గెలిచినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఆ చేపలన్నిట్లో అవ్వకు ప్రాణం అద్దంపరక. పరకలంటే మా వైపు సన్న చేపలు, పిడికెడు పట్టి పులుసులో వేసేవి. అద్దంపరక వాటికంటే సన్నదట, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదట. దాని ఒంటికి రంగు లేదట. ఇటు నుంచి చూస్తే అటువైపు ఇసుక కనబడుతుందట. లోపల వెన్నుముల్లు, పక్కముండ్లు లెక్కపెట్టుకోవచ్చట. వాళ్ల నాయన ఒకసారి దోసిట్లో నీళ్లతో సహా పట్టి చూపించాడట. బాపు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "కండ్లకు కనబడని చేప వలకు ఎట్ల కనబడిందే?" అన్నాడు. ఆ పూట ఆయనకు పొలమారేదాకా నవ్వొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. బాపు ఈ ముచ్చట బాయిలో చెప్పాడు. బాయిలో చెప్పిన మాట సాయంత్రానికి వాడంతా తిరుగుతుంది. నెల తిరిగేసరికి మా వాడలో అద్దంపరక అంటే అబద్ధమని అర్థం స్థిరపడింది. ఎవరైనా కొంచెం కోతలు కోస్తే చాలు, "గది అద్దంపరక ముచ్చట తియ్" అనేవాళ్లు. నల్లా నీళ్లు రెండు పూటలా వస్తాయట అంటే అద్దంపరక. మేనేజరు క్వార్టర్లకు వరండాలు వేయిస్తాడట అంటే అద్దంపరక. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా తెలియదు. నల్లా దగ్గర అవ్వ బిందె పట్టుకొని నిలబడి ఉండగానే అనేవాళ్లు. అవ్వ నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

నాకు పదేళ్లు ఉన్నప్పుడు చెన్నూరు దగ్గరి మిషన్ బంగళాలో ఉండే ముసలి దొరసాని తన దేశానికి తిరిగిపోతూ సామానంతా సంఘం వాళ్లకు పంచింది. కబురు అందగానే అవ్వ నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కింది. బాపుకు డ్యూటీ. పోయేముందు ఆయన గట్టిగా చెప్పాడు, కుర్చీ తేవాలని. చేతుల కుర్చీలో కూర్చొని చాయ తాగాలని ఆయనకు పెద్ద కోరిక.

మేము పోయేసరికి కుర్చీ ఒకటే మిగిలింది. పక్కన కిటికీలో చెదలు పట్టిన పెద్ద పుస్తకం ఒకటి ఉంది. అట్టలు ఊడిపోయాయి, కుట్టు తెగిపోయింది. అవ్వ ఊరికే పేజీ తిప్పింది. రాత ఉన్న పేజీలు చాలావరకు చెదల పాలయ్యాయి గానీ, మధ్యలో దళసరి కాగితాల మీద చేపల బొమ్మలు మిగిలాయి. కాగితానికి ఒక చేప, అన్నీ ఎడమ వైపు చూస్తూ, పొలుసు పొలుసుకూ చేత్తో అద్దిన రంగు, కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. అవన్నీ మన వాగుల్లో, మన నదుల్లో దొరికే సన్న చేపలే. ఎవరో పాతకాలపు దొర పనిగట్టుకొని గీయించాడు. అవ్వకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కునే చదివేది. ఆ చేపలను మాత్రం ఎక్కడా తడుముకోకుండా చదివింది. ఇది జెల్ల, ముల్లు గుచ్చితే రెండు రోజులు జ్వరం. ఇది మట్టగిడస, నీళ్లు లేకున్నా బురదలో బతుకుతది. ఇది బొమ్మిడాయి. అట్లా చదువుకుంటూ పోయి ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

ఆ చేపకు రంగు లేదు. ఉల్లిపొర లాంటి ఒళ్లు, లోపల వెన్నుముల్లు, దానికి అటూ ఇటూ వెంట్రుకల్లాంటి ముండ్లు, కడుపు దగ్గర వెండి రంగు చుక్క, పెద్ద కన్ను.

అవ్వ నా భుజం పట్టుకొని దగ్గరికి లాక్కుంది. నా తల ఆ కాగితం మీదికి వంచి, నేను చూసేదాకా వదల్లేదు. చూసినవా అంది. చూసిన అన్నాను. అంత సంతోషంగా ఉన్న అవ్వను అంతకు ముందు చూడలేదు. ఇంటికి ఒకటే వస్తువంటూ దొరసాని కుర్చీ చూపిస్తుంటే అవ్వ తల అడ్డంగా ఊపి, ఆ పుస్తకాన్ని చీరకొంగులో చుట్టుకుంది. దొరసాని కూడా ఆశ్చర్యపోయింది.

బస్సులో నేను బాపుకు ఇంటికి పోగానే చూపిద్దామన్నాను. అవ్వ వద్దంది. చేతిలో పెడితే మళ్లీ నవ్వుతాడు, గోడ మీద అద్దంలో పెడితే నవ్వలేడు అన్నది ఆమె లెక్క. పటం కట్టిన బొమ్మ అంటే మా కాలంలో మాటలు కాదు. దేవుళ్లకు, పోయిన పెద్దలకు తప్ప ఎవరికీ పటం కట్టించేవాళ్లు కాదు. అందుకని బస్సు దిగగానే ఇంటికి పోకుండా నేరుగా బజారులో పటాలు కట్టే సాబు దుకాణానికి పోయాం. మంచిగా ఉన్న బొమ్మలు పన్నెండు తేలాయి. అన్నీ సాబుకు అప్పజెప్పి, చెదలు తిన్న మిగతా పుస్తకాన్ని పొయ్యికి దాచింది. అవ్వ అంత తొందరపడటం అదే మొదలు.

కుర్చీ రాలేదని తెలిసి బాపు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు మాట్లాడాడు గానీ, కాగితాల కోసం కుర్చీ వదిలేసిన మనిషిని లోకంలో చూడలేదని వాడంతా చెప్పుకున్నాడు. అవ్వ మాత్రం లోపల్లోపల నవ్వుకుంటూ గోడకు మొలలు కొట్టింది. కంపెనీ గోడలకు మొలలు కొట్టొద్దని రూలు ఉండేది, ఎవరు పాటించారు గనుక.

పదిహేను రోజులకు సాబు పటాలు గోనెసంచిలో కట్టి తనే మోసుకొచ్చాడు. బాపు ఇంట్లోనే ఉన్నాడు. అవ్వ ఒక్కొక్కటే విప్పి మొలకు తగిలించింది. తగిలించినకొద్దీ మాకు ఏదో తేడా కొట్టింది. చేపలన్నీ మూతి పైకి, తోక కిందికి పెట్టి నిలబడ్డాయి. ఒకటి కాదు, అన్నీ అంతే. తగిలించే రింగులు కూడా మూతి వైపే బిగించాడు.

అవ్వ నోరు తెరిచి సాబును చూసింది. సాబు తెల్లబోయాడు. ఆయన ముప్పై ఏళ్ల నుంచి దేవుళ్లకు, మనుషులకు పటాలు కడుతున్నాడు. ఏ దేవుడూ ఏ మనిషీ పడుకొని పటంలోకి ఎక్కలేదు. చేపను ఆయన ఎప్పుడూ చూసింది అంగట్లోనే. అక్కడ మొప్పల్లో తాడు గుచ్చి మూతి పైకి పట్టుకొని చూపిస్తారు, ఇంటికి కూడా అట్లాగే వేలాడేసుకొని తెస్తారు. "అడ్డం పెడితే సచ్చి తేలినట్టు ఉంటది గద బేటీ," అన్నాడు. బాపు అరుగు మీద కూలబడి, "మంచిగుంది, మీ చేపలన్ని డ్యూటీ దిగి బాయిలకెల్లి పైకొస్తున్నయ్," అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. సాబు కూడా నవ్వాడు. నేను నేల మీద దొర్లి మరీ నవ్వాను.

ఆ నవ్వులోనే అవ్వ ఆఖరి పటం విప్పి, సంచిలోకి చెయ్యి పెట్టి వెతికింది. సంచి బోర్లించింది. పటాలు పదకొండే. అద్దంపరక లేదు.

బాపుకు అప్పుడు చెప్పక తప్పలేదు. ఆ పుస్తకంలో అద్దంపరక ఉందని, తాను చూసిందని, బిడ్డ కూడా చూసిందని అవ్వ చెప్పింది. బాపు గోడ మీద ఉన్న పదకొండు గాజు పలకలను ఒకసారి చూసి, ఒకసారి ఖాళీ మొలను చూశాడు. "అద్దమైతే వచ్చింది, పరకనే రాలే," అన్నాడు. మంచి మాటకారి మా బాపు. ఆ మాట పేలింది. అరుగు మీదికి చేరిన వాడోళ్లు కూడా పగలబడి నవ్వారు. ఈసారి అవ్వ నవ్వలేదు. వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుంది. నాకు బాపు మీద పట్టలేనంత కోపం వచ్చింది. నేను కూడా చూసిన అని అరిచాను. నువ్వు మీ అవ్వ బిడ్డవే గద అన్నాడు, అది కూడా నవ్వుతూనే.

మర్నాడు అవ్వ, నేను సాబు దుకాణానికి పోయాం. సాబు గెడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాం.

"గది ఖరాబైన కాగితం అనుకున్న బేటీ. అన్ని చేపలకు తోలుంది, దానికి లేదు. లోపలి ముండ్లు కనబడుతున్నయ్. బొమ్మ గీసినాయన తోలు ఎక్కిచ్చుడు మర్శిపోయిండు అనుకున్న."

దళసరి కాగితం, వృథా పోవడం ఎందుకని కొలతకు కత్తిరించి ఇంకో పటం వెనక ఆసరాగా పెట్టేశాడు. ఎవరి పటం అని అడిగితే, మా వాడలోనే ఉండే ఫిట్టరు వాళ్లదన్నాడు. అదే, విఠోబా పటం. పాత గాజు పగిలితే ఈ మధ్యే మళ్లీ కట్టించుకున్నారట.

ఫిట్టరు భార్యను మేమంతా మావ్శి అని పిలిచేవాళ్లం, మరాఠీలో పిన్ని అని. మంచి మనిషి. మాకు బొబ్బట్ల లాంటి పూరన్‌పోళీలు పంపేది, అవ్వ క్రిస్మసుకు గారెలు పంపేది. కానీ దేవుడి పటం విప్పి చూస్తామని ఎట్లా అడగడం. అందులోనూ మేం వేరే మతం వాళ్లం. అవ్వ నాలుగు రోజులు నలిగి నలిగి, చివరికి నల్లా దగ్గర కాదని, వాళ్లింటికే పోయి అడిగింది. మావ్శి అంతా విని ముక్కున వేలేసుకుంది. వద్దనలేదు. "మొలకు ఎక్కిచ్చి పూజ చేసినంక ఊకె దించ వదినె. దసరాకు సున్నమేసేటప్పుడు దించుత. బరాబర్ నీ ముందటనే విప్పిస్త," అంది.

దసరాకు ఇంకా రెండు నెలలుంది.

ఆ రెండు నెలలు మా వాడకు పండుగే. ఎవరు ఎదురుపడినా అదే ముచ్చట. విఠోబా వెనక పరక ఉందా లేదా. ఉందని కొందరు, లేదని చాలామంది. పిల్లలం జట్లు కట్టాం. మా ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువయ్యారు. గడపలో అడుగు పెట్టగానే అందరి మెడలూ కుడి పక్కకు వంగేవి. మా ఇంట్లో ఉన్నవాళ్లకైతే అలవాటైపోయి, అన్నం తింటూ కూడా కాస్త వాలి కూర్చునేవాళ్లం. అవ్వ వచ్చినవాళ్లకు జెల్ల ముల్లు గురించి, మట్టగిడస బురద గురించి చెప్పేది. వాళ్లు గోడ మీది చేపను చూసేవాళ్లు, అవ్వను చూసేవాళ్లు. పొయ్యికాడ చెబితే నమ్మనివాళ్లు గాజు వెనకున్నదాన్ని నమ్ముతారు. మనుషుల మీద నాకు కాస్త చులకన భావం అప్పుడే మొదలైంది.

బాపు ఆ మధ్యలో మారాడు. పైకి మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. నవ్వడం తగ్గించాడు. ఒకనాడు నట్లు విప్పే పాన కావాలని ఫిట్టరు ఇంటికి పోయాడు. ఫిట్టరు పెరట్లో ఉన్నాడు. బాపు గోడకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, విఠోబా పటానికీ గోడకూ మధ్య సందులోకి చూడబోయాడు. అప్పుడే ఫిట్టరు లోపలికి వచ్చాడు. దేవుడి ముందు అంత దగ్గరగా, కన్ను మూసి నిలబడిన మా బాపును చూసి ఆయన కడుపు నిండిపోయింది. బాపు భుజం తట్టి, చేతిలో చక్కెర, కొబ్బరిముక్క పెట్టి, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రమ్మన్నాడు. ఆ ముచ్చట ఆదివారానికల్లా గుడికి చేరింది. సంఘం పెద్ద ఆరాధన అయ్యాక బాపును చెట్టు కిందికి పిలిచి, మెల్లగా, ఎంతో దయతో, ఏమైనా సందేహాలున్నాయా అని అడిగాడు. బాపు చేప కోసం పోయిన అన్నాడు. సంఘం పెద్దకు అసలే అర్థం కాలేదు. అవ్వ ఆ రోజు దారి పొడవునా కొంగు నోట్లో కుక్కుకొని నడిచింది.

నాకు మాత్రం లోపల భయం పట్టుకుంది. నేను నిజంగా చూశానా? చూసిన అని అందరితో అనగా అనగా ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి చెరిగిపోతూ వచ్చింది. వెండి చుక్క కడుపు దగ్గరా, తల దగ్గరా? ఒకవేళ సాబు చెప్పినట్టు అది తోలు వేయడం మరిచిన మామూలు చేపేమో. ఒక మధ్యాహ్నం అవ్వ బియ్యం ఏరుతుంటే అడిగేశాను, అవ్వా, నువ్వు నిజంగా చూసినవా అని.

అవ్వ చేటలో చెయ్యి ఆపింది. కొట్టినా బాగుండేది.

"మా నాయన చూపెట్టిండు బిడ్డ. తెల్లారి పడవెక్కిండు, మల్ల రాలే. ఆయన నాకు ఆఖరికి చూపెట్టింది గదే. గది లేదంటే, నాకు ఆయన లేనట్టే గద."

మా తాత వరదలో పోయాడని తెలుసు గానీ, ఆ చేపను చూపించిన మర్నాడే పోయాడని నాకు తెలియదు. బాపుకు కూడా తెలియదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నవ్వుతుండె గద" అంది. ఇన్నేళ్లుగా ఆదివారం ఆదివారం మేము అన్నంలో కలుపుకొని నవ్విన ముచ్చట అది. నేను ఏడ్చాను. ఏడ్చి, సాయంత్రం బాపు బాయి నుంచి రాగానే, స్నానానికి నీళ్లు పెట్టి, ఆ మాట ఆయన చెవిన వేశాను. బాపు ఒంటి మీద నీళ్లు పోసుకోకుండా చాలాసేపు పీట మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత నేను చూస్తుండగా వాడలో ఎవరో నీ మాట అద్దంపరక అని ఇంకొకరిని ఎగతాళి చేస్తే, ఆ మాట అనొద్దని బాపు గట్టిగా గదమాయించాడు. ఎందుకో చెప్పలేదు. అవతలివాడు బిత్తరపోయాడు.

దసరాకు ముందు వచ్చిన సెలవునాడు వాడంతా సున్నం పనిలో పడింది. మావ్శి పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, విఠోబాను మొల మీది నుంచి దించి అరుగు మీద పరిచిన గొంగడి మీద బోర్లా పడుకోబెట్టింది. సాబు పట్టకారు, సుత్తి తెచ్చుకొని తనే వచ్చాడు. ఆ రెండు నెలలు ఆయనకు కూడా సరిగా నిద్రపట్టలేదట. చుట్టూ జనం. అవ్వ రాలేదు. ఎంత లాగినా రాలేదు. తాను చూసిన చేపే గదా, మళ్లీ చూడటానికి పోవాలా అని మా గోడకు సున్నం వేయడం మొదలుపెట్టింది. ఆమెకు నిజంగా అంత ధైర్యం ఉందో, లేక కాళ్లే రాలేదో నాకు తెలియదు. బాపు, నేను పోయాం.

సాబు సన్న మొలలు ఒక్కొక్కటే పీకాడు. అట్ట తీశాడు. దాని కింద తెల్లటి దళసరి కాగితం, వెనక వైపు. సాబు అంచు పట్టి లేపి, తిప్పి, మావ్శికి కాకుండా, నాకు కాకుండా, బాపు చేతికి ఇచ్చాడు.

ఉంది. కొలత కోసం తోక చివర, కింది ఇంగ్లీషు అక్షరాలు కత్తిరింపులో పోయాయి. మిగతా చేప ఎక్కడిదక్కడే ఉంది. వెన్నుముల్లు, వెంట్రుకల్లాంటి పక్కముండ్లు, వెండి చుక్క. చుక్క కడుపు దగ్గరే ఉంది. వాడోళ్లు ఒకరి భుజాల మీది నుంచి ఒకరు తొంగి చూశారు, అలవాటుగా అందరూ మెడలు కుడి పక్కకు వంచి. అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు, కాగితం అడ్డంగానే పట్టుకున్నాడని. అందరూ నవ్వారు, మావ్శి అందరికంటే గట్టిగా నవ్వింది. సాబు తన తప్పుకు తనే అక్కడికక్కడ కొలత తీసుకొని ఊరికే పటం కట్టి ఇస్తానన్నాడు. మావ్శి విఠోబా వెనక కొత్త అట్ట పెట్టించుకుంది.

బాపు మాత్రం నవ్వలేదు. ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు, దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఎవరో ఓడిపోయినవు గద అన్నారు. అవునన్నాడు. వాళ్లను తోసుకొని ఇంటికి నడిచాడు. నేను వెనకే ఉరికాను.

అవ్వ ముక్కాలి పీట మీద నిలబడి, చేతిలో కుంచె, చెంప మీద సున్నం మరకతో గోడ పైభాగానికి పూస్తున్నది. మా అడుగుల చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు. బాపు కాగితాన్ని ఆమె ముందు గోడకు ఆనించి పట్టుకున్నాడు. అవ్వ చూసింది. ఇదే అంది. ఇదే అన్నాడు బాపు కూడా.

వాళ్లిద్దరి మధ్య ఇక మాటలేమీ ఉండవనుకున్నాను. బాపు కాగితం నాకిచ్చి, ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఇంక ఏమేం చేపలుండె మీకాడ?" అన్నాడు. "చెప్పు. నేను ఇంటున్న."

అడగకుండానే ఇన్నేళ్లూ చెప్పిన మనిషికి, అడిగాక మాట రాలేదు. కుంచె లోంచి సున్నం చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నది. అవ్వ చేత్తో కళ్లు తుడుచుకోబోతే సున్నం కంట్లో పడింది. నేను నీళ్లు తేవడానికి ఉరికాను. తిరిగి వచ్చేసరికి ఆమె పీట దిగి అదే పీట మీద కూర్చొని, ఇసుకలో ఒళ్లంతా దాచుకొని రెండు కళ్లు మాత్రమే బయట పెట్టే చేప గురించి చెప్తున్నది. వాళ్ల నాయన దాన్ని కాలి వేళ్లతో వెతికి పట్టేవాడట. ఎంతుంటది అని అడిగాడు బాపు. అవ్వ ఒక్క క్షణం ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఆ తర్వాత వేలి మీద కొలిచి చూపింది. బాపు బకెట్‌ను ముందుకు జరుపుకొని, ఆ వేలిని శ్రద్ధగా చూశాడు.

పొద్దు వాలేదాకా ఆమె చెప్పింది. మా గోడ సగం తెలుపు, సగం మసిగా ఉండిపోయింది, సున్నం గిన్నెలోనే గడ్డకట్టింది. బాపు ఆ సాయంత్రం కూడా చాలాసార్లు నవ్వాడు. కానీ అవ్వ నవ్వినప్పుడే నవ్వాడు.